సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఇంజన్ ఆయిల్ ఎక్కడికి పోతోంది?

బండి సర్వీసుకి ఇచ్చాక మెకానిక్ డ్రెయిన్ బోల్టు విప్పే టైమ్‌కి ఓనరు మామూలుగా పక్కన టీకొట్టులో ఉంటాడు. ఒక్కసారి టీ సంగతి పక్కన పెట్టి దగ్గర నిలబడి చూస్తే చాలా తెలుస్తుంది. అడ్డంగా కోసిన పాత డబ్బా ఒకటి ఇంజన్ కింద పెడతారు, స్పానర్‌తో బోల్టు వదులు చేస్తారు, వేడి వేడి నల్లటి ధార దూకుతుంది. 900 మి.లీ. పోసిన బండి అయితే ఆ ధార కాసేపు లావుగానే పడాలి. చాలా బళ్ళలో అలా పడదు. డబ్బా సగం కూడా నిండకముందే సన్నబడి, దారంలా మారి, చుక్కలైపోతుంది. "ఆయిల్ లేదన్నా ఇందులో, ఇలాగే తిప్పుతున్నావా?" అంటాడు మెకానిక్. "మొన్న సర్వీసులోనే మార్పించానే" అంటాడు ఓనరు. ఇద్దరూ చెప్పేది నిజమే. మార్చిన ఆయిల్ మార్చినట్టే ఉంటుందని మనం అనుకోవడం దగ్గరే తేడా కొడుతోంది.

ఆయిల్ మార్చాలని ఇప్పుడు అందరికీ తెలుసు. మార్చిన ఆయిల్ మధ్యలో తగ్గుతుందని, ఎంత తగ్గుతోందో చూసుకోవాలని మాత్రం చాలామందికి తెలియదు. దీనికి ఒక కారణం పాత టూ స్ట్రోక్ అలవాటు కావచ్చు. ఆర్‌ఎక్స్ 100, రాజ్‌దూత్, పాత చేతక్ నడిపినవాళ్ళకి ఆయిల్ అంటే పెట్రోల్‌లో కలిపి పోయించుకునే 2టీ ఆయిల్, లేదా సీటు కిందో పక్కనో ఉన్న ట్యాంకులో పోసేది. అది కాలిపోవడానికే ఉంది, అయిపోతే మళ్ళీ పోయించుకునేవాళ్ళు, కాబట్టి ఆయిల్ మీద రోజూ ఒక కన్ను ఉండేది. ఫోర్ స్ట్రోక్ బళ్ళు వచ్చాక ఆ కన్ను పోయింది. ఆయిల్ లోపల ఉంది, సర్వీసులో వాళ్ళే చూసుకుంటారు, మనకెందుకు అనే ధీమా వచ్చేసింది. పైగా సర్వీసు దూరాలు పెరిగాయి. ఒకప్పుడు రెండు మూడు వేల కిలోమీటర్లకే ఆయిల్ మార్చేవాళ్ళు, ఇప్పుడు 6,000 అనీ, కొన్ని బళ్ళకి 10,000 అనీ మాన్యువల్‌లోనే రాస్తున్నారు. ఆయిల్ నాణ్యత పెరిగింది కాబట్టి ఆ దూరం తప్పు కాదు. కానీ అదే మాన్యువల్‌లో మధ్యమధ్యలో లెవల్ చూసి టాప్ అప్ చేయమని కూడా ఉంటుంది, ఆ లైను ఎవరూ చదవరు.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఒక్క చుక్క కూడా ఆయిల్ కాల్చని ఫోర్ స్ట్రోక్ ఇంజన్ లేదు. పిస్టన్ పైకీ కిందకీ ఆడాలంటే సిలిండర్ గోడ మీద పల్చటి ఆయిల్ పొర ఉండాల్సిందే. పిస్టన్‌కి మామూలుగా మూడు రింగులుంటాయి, పై రెండూ కంప్రెషన్‌ని పట్టి ఉంచేవి, మూడోది ఆయిల్ రింగు, గోడ మీది ఆయిల్‌ని గీకి కిందకి పంపడమే దాని పని. ఎంత గీకినా కొంచెం పొర మిగులుతుంది, మిగలాలి కూడా, మిగలకపోతే ఇనుము ఇనుముని తింటుంది. ఆ మిగిలిన పొరలో కొంత ప్రతి పేలుడులోనూ కాలిపోతుంది.

ఎంత కాలితే ఎక్కువ అనేది ఒక చిన్న లెక్కతో చూద్దాం. వెయ్యి కిలోమీటర్లకి 100 మి.లీ. తగ్గే బండి ఉందనుకుందాం. సగటున గంటకి 50 కి.మీ. వేగంతో పోతే వెయ్యి కిలోమీటర్లకి 20 గంటలు, అంటే 1,200 నిమిషాలు. మి.లీ.కి 20 చుక్కలు వేసుకుంటే 100 మి.లీ. అంటే 2,000 చుక్కలు. అంటే 36 సెకన్లకి ఒక్క చుక్క. 100 సీసీ బండి టాప్ గేర్‌లో ఆ వేగంతో పోతుంటే ఇంజన్ నిమిషానికి దాదాపు 4,500 సార్లు తిరుగుతుంది, ఆ లెక్కన ఒక్క చుక్క కాలేలోపు పిస్టన్ 2,700 సార్లు కిందకీ పైకీ వెళ్ళొస్తుంది. అంత కొంచెం. సైలెన్సర్ వెనక నిలబడి చూసినా పొగ కనపడకపోవచ్చు. "పొగ రావట్లేదు కాబట్టి ఆయిల్ తాగట్లేదు" అనే మాట ఎందుకు నిలబడదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు అదే లెక్కని ఇంకోవైపు నుంచి చూడాలి, అసలు భయపడాల్సింది అక్కడే. 36 సెకన్లకి ఒక చుక్క అంటే చిన్న విషయంలా ఉంది. కానీ మన కమ్యూటర్ బళ్ళలో మొత్తం ఆయిలే లీటరు అటూ ఇటూ. కార్లలోలాగా మూడు నాలుగు లీటర్ల నిల్వ లేదు. పైగా ఆ లీటరే ఇంజన్‌కీ, గేర్‌బాక్స్‌కీ, క్లచ్ ప్లేట్లకీ కలిపి. 900 మి.లీ.తో మొదలుపెట్టిన బండి వెయ్యికి 100 చొప్పున తగ్గితే 3,000 దగ్గర 600 ఉంటుంది, 6,000 దగ్గర 300. వెయ్యికి 150 తగ్గితే 3,000కే సగం, 6,000కి ఏమీ ఉండదు. అంటే కంపెనీ చెప్పిన సర్వీసు దూరం ఒక్క కిలోమీటరు కూడా దాటకుండా, అన్నీ సక్రమంగా చేశామనుకుంటూనే ఇంజన్ పట్టేసేలా చేసుకోవచ్చు. ఇంత తిన్నది ఇంజన్ తప్పే అయినా, ఎండిపోయేదాకా పోనిచ్చింది మాత్రం డిప్‌స్టిక్ (ఆయిల్ లెవల్ చూసే పుల్ల) తీసి చూడకపోవడమే.

ఆయిల్ తగ్గినప్పుడు ముందు దెబ్బ తినేది పిస్టన్ అనుకుంటారు. చాలాసార్లు ముందు దెబ్బ తినేది హెడ్, అంటే సిలిండర్ మీద ఉండే పై భాగం. పంపు ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోంచి ఆయిల్ లాగి, పైన వాల్వ్‌లని తెరిచే కామ్‌షాఫ్ట్‌కీ రాకర్లకీ పంపిస్తుంది. లెవల్ తగ్గాక బ్రేక్ గట్టిగా కొట్టినప్పుడో, ఘాట్‌లో ఎక్కేటప్పుడో ఆయిల్ ఒక పక్కకి పోతే పంపు నోటికి గాలి అందుతుంది. ఆ కాసేపు పైన పొడిగా తిరుగుతుంది. హెడ్ లోంచి టకటకమని శబ్దం, టాపెట్ సెట్ చేయించినా నాలుగు రోజులకే మళ్ళీ మొదలు. కామ్ మీద చిన్న గుంటలు పడ్డాక ఎన్నిసార్లు సెట్ చేయించినా అంతే. ఎయిర్ కూల్డ్ ఇంజన్‌కి ఇంకో ఇబ్బంది ఉంది, లోపలి వేడిని బయటికి మోసే పనిలో ఆయిల్‌కీ పెద్ద వాటా ఉంది. ఆయిల్ తగ్గితే మిగిలిన ఆయిల్ ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కిన ఆయిల్ పల్చబడి ఇంకా ఎక్కువ కాలుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ముగ్గురు ఎక్కిన బండి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కొందరు "ఏదైనా అయితే లైటు వెలుగుతుందిగా" అనుకుంటారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్ళలో మీటర్ మీద ఇంజన్ బొమ్మతో పసుపు లైటు ఉంటోంది, దాంతో ఈ నమ్మకం ఇంకా పెరిగింది. ఆ లైటు ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సార్ల గొడవలకి. ఆయిల్ సగానికి పడిపోయినా అది వెలగదు. మన 100, 125 సీసీ బళ్ళలో చాలావాటికి ఆయిల్ తగ్గిందని చెప్పే ఏర్పాటు డిప్‌స్టిక్ ఒక్కటే, అది కూడా మనం తీసి చూస్తేనే చెబుతుంది.

తీసి చూడటంలోనూ తప్పులు జరుగుతాయి. సైడ్ స్టాండ్ మీద చూస్తే బండి ఒరిగి ఉంటుంది కాబట్టి లెవల్ తప్పు వస్తుంది. రాత్రంతా ఆగిన బండికి, ఇప్పుడే ఆపిన బండికి కూడా లెవల్ వేర్వేరుగా కనపడుతుంది. చదునైన చోట సెంటర్ స్టాండ్ వేసి, మూడు నాలుగు నిమిషాలు ఇంజన్ ఆడించి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగాలి, పైకి వెళ్ళిన ఆయిల్ కిందకి దిగుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ తీసి శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి తీసి చూడాలి. మరలు ఉన్న డిప్‌స్టిక్‌ని చాలా బళ్ళలో బిగించకుండా ఊరికే కన్నంలో ఆనించి తీయాలి. బిగించి తీస్తే పుల్ల లోతుకి దిగి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, ఆయిల్ బాగానే ఉందని మోసపోతాం. కొన్ని మోడళ్ళకి పద్ధతి వేరు, మాన్యువల్‌లో బొమ్మ వేసి మరీ ఉంటుంది. పక్కన గాజు కన్ను ఉన్న బళ్ళకి ఈ బాధ లేదు, బండి నిటారుగా నిలబెట్టి రెండు గీతల మధ్య ఉందో లేదో చూసుకుంటే సరి.

చూడటం కన్నా కొలవడం ఇంకా మంచిది. ఆయిల్ మార్చిన రోజు పై గీత దాకా పోయించి, ఓడోమీటర్ నంబరు ఫోన్‌లో రాసుకుని, వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్ళీ పై గీతకి రావడానికి ఎన్ని మి.లీ. పట్టిందో చూడాలి. మందు సీసాలతో వచ్చే కొలత మూతో, సిరంజో చాలు. అలా వచ్చిన అంకె ఆ బండిది. పక్కింటివాళ్ళ బండికి ఎంత అన్నది అనవసరం. 40,000 తిరిగిన బండి మొదటినుంచీ వెయ్యికి 50 మి.లీ. తింటూ అక్కడే ఉంటే దానికి ఏ జబ్బూ లేదు, అప్పుడప్పుడు పోస్తూ తిప్పుకోవచ్చు. నిన్నటిదాకా 30 తిన్నది ఈసారి 120 తింటే అది వార్త. అంకె పెద్దదా చిన్నదా అన్నదానికన్నా అంకె మారిందా లేదా అన్నదే ఎక్కువ చెబుతుంది.

మారిందంటే ముందు చూడాల్సింది లోపల కాదు, బయట. చాలామంది బోరు (సిలిండర్ లోపలి గోడ) పోయిందని భయపడి సిలిండర్ బ్లాక్ విప్పించేస్తారు, తీరా చూస్తే కారేది ముందు స్ప్రాకెట్ దగ్గర ఆయిల్ సీల్ లోంచి. ఆ కవరు విప్పితే లోపల మట్టీ ఆయిలూ కలిసి నల్లటి ముద్దలా పేరుకుని ఉంటుంది. చైనుకి వేసిన ఆయిలే అనుకుని ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోరు. గేర్ రాడ్ సీల్, కిక్ షాఫ్ట్ సీల్, క్లచ్ కవర్ గ్యాస్కెట్, టాపెట్ మూతల ఓరింగులు, డ్రెయిన్ బోల్టు వాషరు, ఇవన్నీ కారే చోట్లే. డ్రెయిన్ వాషరు మెత్తటి అల్యూమినియంది, ఒకసారి నలిగాక మళ్ళీ సరిగ్గా పట్టదు, కారుచౌకగా వచ్చే ఆ వాషరు మార్చకుండా బోల్టునే ఇంకా గట్టిగా బిగించేస్తే కేసింగ్ మరలే పోతాయి. కారేది ఎక్కడో తెలియకపోతే ఇంజన్ శుభ్రంగా కడిగి ఆరబెట్టి, అనుమానం ఉన్నచోట ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి పది కిలోమీటర్లు తిప్పి తెస్తే, తెల్లటి పొడి మీద తడి గీత పడ్డచోటే దొంగ దొరుకుతాడు.

బయట పొడిగా ఉందంటే లోపల కాలుతున్నట్టు. ఇక్కడ పొగ ఎప్పుడొస్తోందో గమనించడమే సగం వైద్యం. ఆయిల్ పొగ నీలంగా ఉంటుంది, ముక్కుకి మాడు వాసన తగులుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని వచ్చి తర్వాత ఆగిపోతే రాత్రంతా వాల్వ్ సీళ్ళ పక్కనుంచి ఆయిల్ చుక్కలు చుక్కలుగా కిందకి దిగినట్టు. యాక్సిలరేటర్ ఇచ్చి లాగుతున్నంతసేపూ వస్తుంటే రింగుల మీద అనుమానం. ఇంకో మంచి పరీక్ష ఘాట్ రోడ్డు చేస్తుంది. అరకు నుంచి శృంగవరపుకోట వైపు దిగేటప్పుడు యాక్సిలరేటర్ మూసి, గేర్ మీదే బండిని ఆపుకుంటూ వస్తాం. అప్పుడు ఇంజన్ లోపల వాక్యూమ్ బాగా పెరిగి, అరిగిన వాల్వ్ గైడ్ల (వాల్వ్ కాడ ఆడే గొట్టాల) సందుల్లోంచి ఆయిల్ లోపలికి లాగేస్తుంది. కిందకి దిగి మళ్ళీ యాక్సిలరేటర్ ఇవ్వగానే వెనక నీలంగా మేఘం లేస్తే గైడ్లూ సీళ్ళ పనే అది. చలికాలం పొద్దున వచ్చే తెల్లటి పొగ నీటి ఆవిరి, దానికి టెన్షన్ పడక్కర్లేదు. నల్లటి పొగ పెట్రోల్ ఎక్కువ కాలడం వల్ల, ఆయిల్‌తో సంబంధం లేదు.

ఈ తేడా తెలుసుకోవడం డబ్బు విషయం కూడా. వాల్వ్ సీళ్ళ ఖరీదు తక్కువ, హెడ్ దించి ఎక్కించే కూలీయే దాని ఖర్చు, బోరు పనంటే లెక్క వేరు. కాబట్టి బ్లాక్ విప్పడానికి ముందు కంప్రెషన్ టెస్ట్ చేయమని అడగాలి. ముందు పొడిగా ఒకసారి చూసి, ప్లగ్ కన్నంలోంచి ఒక చెంచా ఆయిల్ పోసి ఇంకోసారి చూస్తారు. రెండోసారి కంప్రెషన్ బాగా పెరిగితే ఆ ఆయిల్ రింగుల సందులు మూసినట్టే, అంటే తప్పు రింగులదో బోరుదో. పెద్దగా పెరగకపోతే వాల్వ్‌ల వైపు చూడాలి. పది నిమిషాల పని ఇది. ఇది చేయకుండా పొగ చూసి నేరుగా "బోరు పోయింది" అనేస్తే ఇంకో షాపులో అడగడం మంచిది.

రింగులు ఊరికే అరగవు. మన దగ్గర వాటిని తినేది ఎక్కువగా దుమ్ము. పొలం గట్ల మీద, కంకర రోడ్ల మీద, క్వారీ లారీల వెనక తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, దాని పెట్టె మూత సరిగ్గా కూర్చోకపోయినా సన్నటి ఇసుక నేరుగా సిలిండర్‌లోకి పోతుంది, రింగుకీ గోడకీ మధ్య గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఇప్పటి బళ్ళలో చాలావాటికి ఆయిల్ పూసిన కాగితం ఫిల్టర్ వస్తోంది, దాన్ని ఎయిర్ కొట్టి శుభ్రం చేయకూడదు, మార్చడమే. కొట్టించి మళ్ళీ పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఆ గాలికి కాగితంలో కంటికి కనపడని చిల్లులు పడతాయి. ఫిల్టర్ డబ్బు మిగిలిందని సంతోషపడితే బోరు డబ్బు పోతుంది.

ఊళ్ళో లెవల్ అస్సలు తగ్గలేదు, హైదరాబాద్ నుంచి విజయవాడ ఒక్కసారి వెళ్ళొచ్చేసరికి బాగా తగ్గిపోయింది అని కొందరు ఆశ్చర్యపోతుంటారు. హైవే మీద ఎక్కువ ఆర్‌పీఎంలో గంటల తరబడి తిరిగితే ఎక్కువ కాలుతుంది, అది నిజమే. కానీ ఇంకో కారణం ఉంది. రోజూ రెండు కిలోమీటర్లు ఆఫీసుకి వెళ్ళొచ్చే బండి ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, కాలని పెట్రోలూ నీటి తేమా కొంచెం కొంచెం ఆయిల్‌లో కలుస్తుంటాయి. ఆయిల్ తగ్గినచోట అవి చేరి డిప్‌స్టిక్ మీద గీతని నిలబెడతాయి. దూర ప్రయాణంలో ఇంజన్ బాగా కాగాక అవి ఆవిరైపోయి అసలు లెవల్ బయటపడుతుంది. లెవల్ తగ్గకపోగా పెరుగుతుంటే, డిప్‌స్టిక్ ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోల్ వాసన కొడుతుంటే అది ఇంకా ప్రమాదం, ఆ ఆయిల్‌తో నడపకూడదు. నల్ల రంగు మాత్రం ఏమీ చెప్పదు. నల్లబడటం అంటే లోపలి మసిని ఆయిల్ తనలో పట్టి ఉంచుతోందని, దాని పని అది చేస్తోందని.

ఎక్కువ పోసినా తిప్పలే. 900 మి.లీ. పట్టే బండికి లీటరు డబ్బా తెచ్చి "మిగిలితే ఏం చేసుకుంటాం" అని మొత్తం వంచేయడం షాపుల్లో రోజూ జరిగేదే. ఎక్కువైన ఆయిల్‌ని క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం లోంచి అది ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి పోయి, ఫిల్టర్ తడిసి, ఆ ఆయిలే లోపలికి పోయి కాలి పొగొస్తుంది. బాగున్న ఇంజన్‌కి బోరు చేయించాలని చెప్పించుకునే దారి ఇది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె కింద మూత పెట్టిన చిన్న గొట్టం ఉంటే అందులో ఆయిల్ నిలిచిందేమో చూస్తే తెలుస్తుంది. సరిగ్గా పోసిన బండిలో కూడా అక్కడ మాటిమాటికీ ఆయిల్ చేరుతుంటే రింగుల పక్కనుంచి గాలి కిందకి కొడుతున్నట్టు.

టాప్ అప్‌కి ఏ ఆయిల్ పోయాలన్నది ఎక్కువమంది అడిగే ప్రశ్న, జవాబు చిన్నదే. మాన్యువల్‌లో ఉన్న గ్రేడు, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్నది, అంటే క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉండే బళ్ళకి తగ్గది. స్కూటర్లకి క్లచ్ అలా ఆయిల్‌లో ఉండదు కాబట్టి వాటికి ఎంబీ అనే రకం ఉంటుంది, అది గేర్ల బండిలో పోస్తే క్లచ్ జారొచ్చు. కారు ఆయిల్ పోస్తే కూడా అదే ఇబ్బంది రావొచ్చు. ఊళ్ళల్లో ట్రాక్టర్ కోసం తెచ్చిన డీజిల్ ఇంజన్ ఆయిల్‌నే బండికీ పోస్తుంటారు, దాన్ని అలవాటుగా వాడటం సరికాదు. అయితే రాత్రిపూట దారి మధ్యలో డిప్‌స్టిక్ పొడిగా కనపడి, దగ్గర్లో దొరికింది అదే అయితే, పొడి ఇంజన్‌తో ఇంటికి రావడం కన్నా అది పోసుకుని మెల్లగా రావడం వెయ్యి రెట్లు మేలు, తర్వాత మార్పించుకోవచ్చు. 10డబ్ల్యూ-30 గ్రేడు ఆయిల్ తాగే బండికి దానికన్నా చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే తాగడం తగ్గుతుందని చెప్పే సలహాలో కొంత నిజం ఉంది, చిక్కటి ఆయిల్ సందుల్లోంచి తక్కువ పోతుంది. కానీ చల్లటి పొద్దున అది హెడ్‌కి ఆలస్యంగా ఎక్కుతుంది, మైలేజీ తగ్గుతుంది, అరిగిన రింగు అరిగే ఉంటుంది. బాగా తిరిగిన పాత బండిని ఇంకొన్నాళ్ళు లాగడానికి పనికొస్తుందేమో గానీ కొత్త బండికి అది మందు కాదు. ఇంకో మాట, టాప్ అప్ చేస్తున్నాం కదా అని ఆయిల్ మార్పు మానేయకూడదు, పాత ఆయిల్‌లో పేరుకున్న మసి, నలకలు అందులోనే ఉంటాయి.

ఎప్పటిదాకా పోస్తూ తిప్పాలి, ఎప్పుడు విప్పించాలి? లీటరు ఆయిల్ పట్టే బండి వెయ్యికి 200 మి.లీ. దాటి తింటుంటే, బయట ఎక్కడా కారకపోతే, ఇక విప్పించే ఆలోచన చేయాల్సిందే. బీఎస్-6 బళ్ళకి ఇంకా ముందే చేయాలి, కాలిన ఆయిల్ బూడిద సైలెన్సర్‌లో పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మీద, ఆక్సిజన్ సెన్సార్ మీద పేరుకుని వాటిని పాడుచేస్తుంది, ఆ ఖర్చు రింగుల ఖర్చుని మించిపోతుంది. విప్పాక బోరు అరిగి ఉంటే సిలిండర్ లోపల ఇనుప లైనర్ (గొట్టం) ఉన్న బళ్ళకి లేత్ షాపులో 0.25, 0.50 మి.మీ. అంటూ ఓవర్ సైజు పిస్టన్‌కి తగ్గట్టు బోరింగ్ చేస్తారు. అన్నిటికీ అది కుదరదు, యమహా ఆర్15లో ఉన్న డయాసిల్ లాంటి లైనర్ లేని సిలిండర్లకి బోరింగ్ ఉండదు, బ్లాక్ మార్చాల్సిందే. బోరింగ్ అయ్యాక సిలిండర్ గోడ మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పడేలా హోనింగ్ చేశారో లేదో కళ్ళతో చూసుకోవాలి. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది, వాటి మీదే కొత్త రింగులు అరిగి గోడకి కుదురుకుంటాయి. అద్దంలా నున్నగా వదిలేస్తే కొత్త రింగులు కూడా ఆయిల్ తాగుతూనే ఉంటాయి.

కొత్త రింగులు కుదురుకునేదాకా, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఆయిల్ కొంచెం ఎక్కువే తగ్గుతుంది, షోరూమ్ నుంచి వచ్చిన కొత్త బండికైనా అంతే. ఆ రోజుల్లో రెండు వందల కిలోమీటర్లకోసారి డిప్‌స్టిక్ చూసుకోవాలి. మొదటి ఆయిల్ మార్పు అయ్యాక మళ్ళీ పై గీత దాకా పోయించి, ఓడోమీటర్ నంబరు ఫోన్‌లో కొత్తగా రాసుకుని, వెయ్యి కిలోమీటర్లకి అంకె ఎంతొచ్చిందో చూస్తే చేసిన పని నిలబడిందో లేదో తెలుస్తుంది.